నీలకంఠ రొయ్య: కుబుసం చూసి జత, జత చూసి గుడ్లు

నీలకంఠ అంటే మంచినీటి పెద్ద రొయ్య (స్కాంపి). దీని ఆడది కుబుసం విడిచి ఒళ్లు మెత్తగా ఉన్న కొద్ది గంటల్లోనే జత కలుస్తుంది. అయితే ప్రతి కుబుసమూ జతకు పనికిరాదు. తలపెంకు లోపల నారింజ రంగు (అండాశయం) కళ్ల వెనక నుంచి నడుము మొదలు దాకా నిండుగా కనిపిస్తుంటే, ఇక విడిచే కుబుసం జతకే. రంగు లేకుండా విడిస్తే అది ఒట్టి ఎదుగుదల.

ట్యాంకులో 4 ఆడవాటికి పొడవైన నీలం డెక్కలున్న మగది ఒకటి చాలు. దాని పెంకు గట్టిగా ఉండాలి. మెత్తబడ్డ ఆడదాన్ని మిగతావి పీక్కు తినకుండా కాపలా కాసేది అదే. రెండో పెద్ద మగదాన్ని వేస్తే పోట్లాటలో ఆడది చావొచ్చు. దాక్కోవడానికి పైపు ముక్కలు, పాత వల వేయండి. నీళ్లు 28–30 డిగ్రీలుండాలి; రోహిణి ఎండల్లో నెల్లూరులో షెడ్డు కిందైనా వేడెక్కుతాయి, రోజుకు రెండుసార్లు కొలవండి.

తెల్లారి అడుగున కుబుసం కనిపిస్తే ఆడదాన్ని నీళ్లలోనే మెల్లగా తిప్పి చూడండి. నడిచే కాళ్ల మధ్య తెల్లటి జిగురు ముద్ద అంటుకుని ఉంటే జత కుదిరినట్టే. 24 గంటల్లోపు గుడ్లు పొట్ట కిందికి చేరతాయి. ఇక్కడే చాలామంది పొరపడతారు: జత కలవని ఆడది కూడా గుడ్లు పెడుతుంది, కాకపోతే అవి 2–3 రోజుల్లో రాలిపోతాయి. నాలుగో రోజు కూడా గుడ్లు నిలిచి ఉంటేనే లెక్కలో వేసుకోండి.

గుడ్లు మోస్తున్నన్నాళ్లు తల్లి కుబుసం విడవదు. విడిస్తే పెంకుతో పాటు గుడ్లూ పోతాయి. 28 డిగ్రీల్లో పొదగడానికి సుమారు 20 రోజులు. ఈలోగా వలతో పదేపదే పట్టకండి, గుడ్లు రాలతాయి. గుడ్ల నారింజ రంగు బూడిదకు తిరిగితే 2–3 రోజుల్లో పిల్ల దిగుతుంది. అప్పుడు తల్లిని గాలి బాగా పెట్టి 20 పీపీఎం (పది లక్షల వంతులకు 20) ఫార్మాలిన్ అనే క్రిమిసంహారక మందు నీళ్లలో అరగంట ఉంచి, 12 పీపీటీ (వెయ్యి వంతులకు 12) ఉప్పునీటి ట్యాంకుకు మార్చండి. తల్లి బరువులో గ్రాముకు సుమారు 1,000 పిల్ల వస్తుంది. తెల్లతోక వైరస్ తల్లి నుంచి పిల్లకు దిగుతుంది కాబట్టి తల్లికి పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే) పరీక్ష ముందే చేయించండి.

పిల్ల దిగిన తల్లిని అమ్మేయకండి. గుడ్లు మోస్తుండగానే లోపల అండాశయం మళ్లీ నిండుతుంది. తలపెంకులో మళ్లీ నారింజ రంగు కనిపిస్తే మేత తగ్గించకుండా తిరిగి మగదాని ట్యాంకులో వేయండి.