పాత పిన్‌బాల్ యంత్రం రొద పెడుతుంటే

వాలు బల్ల మీద ఇనుప బంతిని కొట్టి స్కోరు చేసే ఆటపెట్టె పిన్‌బాల్. రిలేలు (కరెంటుతో కదిలే స్విచ్‌లు), కాయిళ్ళు (కరెంటు వస్తే అయస్కాంతాలయ్యే తీగచుట్టలు), ఒక చిన్న మోటారు కలిసి నడిపే పాత పిన్‌బాల్ యంత్రం నిశ్శబ్దంగా ఉండదు. స్కోరు చక్రం ఒక అంకె కదిలినప్పటి టక్కు, బంతిని ఎదురుతన్నే బంపర్ దెబ్బ, గంట మోత ఆ ఆటకు ప్రాణం. ఆపవలసిన చప్పుళ్ళు వేరే ఉన్నాయి: బంతి కదలకపోయినా వినిపించే గుర్రు, ఒక్క దెబ్బతో ఆగవలసిన కాయిల్ దడదడలాడడం, పెట్టె అడుగున మోటారు గరగర. వీటిలో ప్రతిదానికీ ఒక చోటు, ఒక కారణం ఉంటాయి కనుక, ఏ చప్పుడు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతున్నదో విని రాసుకోవడమే కొత్తవారు చేయవలసిన మొదటి పని.

ఇక్కడ చెప్పేది 1970ల చివర్లో ఎలక్ట్రానిక్ బోర్డులు స్థిరపడకముందు, ప్రధానంగా షికాగోలో గాట్లీబ్, విలియమ్స్, బ్యాలీ కంపెనీలు తయారుచేసిన యంత్రాల గురించి. దక్షిణ ఒడిశాలో మన బరంపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఇటువంటిది దొరకడమే అరుదు, దొరికితే దానిని విప్పి చూసినవారు ఊళ్ళో ఉండరు. అయినా అధైర్యపడనక్కరలేదు. పొలం మోటారు స్టార్టర్‌లో కాంటాక్టరు ఎందుకు బుర్రుమంటుందో తెలిసిన వైండింగ్ మేస్త్రీ మన ప్రతి బజారులోనూ ఉన్నాడు, ఈ యంత్రంలోని గుర్రు కూడా అదే జాతిది.

మూత తీసే ముందు ప్లగ్గు గోడ నుంచి పీకివేయాలి. స్విచ్ ఆపితే చాలదు, ఎందుకంటే చాలా యంత్రాల్లో ఆట ఆపినా ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి, అంటే మెయిన్స్ మొదట చేరే చుట్టకు, కరెంటు అందుతూనే ఉంటుంది. రెండు పిన్నుల పాత తీగ ఉంటే, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ ఉన్న మూడు పిన్నుల తీగ వేయించి, ఆ ఎర్త్‌ను లోహపు భాగాలకు కలిపించిన తరువాతే మిగిలిన పని మొదలుపెట్టడం మంచిది.

ఆ తరువాత కరెంటు సంగతి చూడాలి. అమెరికాలో సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 వోల్టుల కనెక్షన్ లేని యంత్రానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి, 500 వీఏ (వోల్టు ఆంపియర్ల) సామర్థ్యం గలది తీసుకుంటే నిశ్చింతగా ఉండవచ్చు. స్టెప్‌డౌన్ వోల్టేజిని తగ్గిస్తుంది గాని హెర్ట్జ్‌ను మార్చదు. 60 హెర్ట్జ్‌కు కొలిచి చేసిన ఇనుప కోరులో (తీగచుట్ట నడుమ ఉండే ఇనుములో) 50 హెర్ట్జ్ వద్ద అయస్కాంత ప్రవాహం ఐదో వంతు పెరుగుతుంది కనుక ట్రాన్స్‌ఫార్మర్, రిలేలు కాస్త ఎక్కువగా గుర్రుమంటాయి, కాస్త ఎక్కువగా వేడెక్కుతాయి. స్కోరు చక్రాలకు తాకిడులు పంపే స్కోరు మోటారు కూడా ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. ఇంతవరకు లోపం కాదు. కొన్ని యంత్రాల్లో ట్రాన్స్‌ఫార్మర్ మీద నార్మల్, హై అని రెండు ట్యాపులు (తీగ తగిలించే చోట్లు) ఉంటాయి, తీగ హై మీద ఉంటే నార్మల్‌కు మార్చగానే రొద గణనీయంగా తగ్గుతుంది.

గుర్రు ఎక్కడిదో చెవితో పట్టుకోవడానికి, ఈ ఒక్క పనికి యంత్రం నడుస్తూ ఉండాలి, మూరెడు పీవీసీ వైరింగ్ పైపు ముక్క చాలు. ఒక కొనను చెవికి ఆనించి, రెండో కొనను దేనికీ తగలనీయకుండా ఒక్కొక్క రిలే దగ్గరకు తీసుకువెళితే, దోషి దగ్గర చప్పుడు ఒక్కసారిగా పెరుగుతుంది. మెయిన్స్ తీగలు ఉన్న మూలకు మాత్రం పైపును, చేతిని పోనీయవద్దు.

యంత్రం ఆన్ అయినంతసేపూ చప్పుడు ఒకే తీరుగా ఉంటే ముందు ప్లగ్గు పీకి ట్రాన్స్‌ఫార్మర్ బిగింపు మరలు చూడాలి. అవి వదులైతే అడుగు చెక్క మొత్తం మోగుతుంది, మరలు బిగిస్తేనే సగం పని అయిపోవచ్చు. ఆ తరువాత చూడవలసినది ఆట నడిచినంతసేపూ పట్టుకొని ఉండే రిలే. విలియమ్స్, బ్యాలీ యంత్రాల సర్క్యూట్ పటాల్లో దానిని లాక్ రిలే అని, గాట్లీబ్ పటాల్లో హోల్డ్ రిలే అని రాస్తారు. ఏసీ కరెంటులో అయస్కాంత బలం సెకనుకు వందసార్లు సున్నాకు పడిపోతుంది, ఆ క్షణాల్లో ఆర్మేచర్ అనే కదిలే ఇనుప పలక వదలి మళ్ళీ అతుక్కోవడమే మనకు వినిపించే గుర్రు. దానిని ఆపడానికే చాలా కోరుల ముఖంలో ఒక సన్నని రాగి రింగు పొదిగి ఉంటుంది. టార్చి వేసి దగ్గరగా చూస్తే, వెండి రంగు ఇనుము మధ్య ఎర్రని గీతలా కనిపిస్తుంది. అది పగిలినా, ఊడినా, ఆ కోరు మార్చేవరకు రొద పోదు.

రింగు బాగుంటే ఆర్మేచర్ కోరు ముఖానికి పూర్తిగా ఆనడం లేదని అర్థం. ప్లగ్గు పీకిన తరువాత పలకను వేలితో నొక్కి, కోరుకూ పలకకూ మధ్య వెలుతురు గీత కనిపిస్తుందేమో చూడండి. గోపాలపూర్ వైపు నుంచి వచ్చే ఉప్పు గాలికి ఆ ముఖం మీద పలచని తుప్పు పొర ఏర్పడడం సహజం, దానిని శుభ్రంగా తీసివేయాలి. కోరును పట్టి ఉంచే అడుగు మర వదులైనా, కాంటాక్టు పట్టీలు మరీ బిగువుగా ఉండి పలకను వెనక్కు నెట్టినా ఫలితం ఒకటే. పట్టీలను వంచవలసివస్తే కొసన పట్టుకోకూడదు, అవి బిగించి ఉన్న మొదలు దగ్గర వెంట్రుకవాసి చొప్పున వంచుతూ, ప్రతిసారీ వదలి చూసుకోవాలి.

బటన్ నొక్కి పట్టినప్పుడు మాత్రమే ఫ్లిప్పర్ (బంతిని కొట్టే చిన్న రెక్క) గట్టిగా గుర్రుమంటే దాని చివరి స్విచ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఫ్లిప్పర్ కాయిల్‌లో రెండు చుట్టలుంటాయి: బంతిని కొట్టడానికి బలమైనది, పైకి లేచిన ఫ్లిప్పర్‌ను నిలిపి ఉంచడానికి సన్నతీగది. ఫ్లిప్పర్ పైకి చేరగానే ఈ స్విచ్ తెరుచుకొని సన్నతీగ చుట్టను కూడా దారిలోకి తేవాలి. అది తెరుచుకోకపోతే బలమైన చుట్ట ఒక్కటే మొత్తం కరెంటును మోస్తూ నిమిషాల్లో మాడిపోతుంది. సన్నతీగ తెగితే ఫ్లిప్పర్ లేచి, పడి, మళ్ళీ లేస్తూ దడదడలాడుతుంది. ఏ కాయిల్ అయినా ఆగకుండా మోగుతూ కాలిన వాసన వస్తే ఆలోచించడానికి ఆగవద్దు, ప్లగ్గు పీకండి.

రిలేల దడదడకు సాధారణ కారణం మురికి కాంటాక్టులు. చాలా రిలేలు తమ కాంటాక్టు ద్వారానే తమను తాము పట్టి ఉంచుకుంటాయి, అక్కడ మురికి చేరితే పట్టు నిలవదు. పూత లేని గట్టి అట్ట, పాత శుభలేఖ ముక్క అయినా సరే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి, కాంటాక్టులను మెల్లగా మూసి మధ్యనుంచి లాగాలి. అట్ట మీద నల్లని చార పడకుండా వచ్చేవరకు ఇలా చేయాలి. ఆ ద్రవం మొబైల్ రిపేరు షాపుల్లో దొరుకుతుంది. అది మండేది కనుక పూర్తిగా ఆరిన తరువాతే కరెంటు ఇవ్వాలి. ఎమరీ పేపర్ వెండి కాంటాక్టులను తినేస్తుంది. నూనె స్ప్రే అసలే వద్దు, అది ధూళిని పట్టి, కాంటాక్టుల నిప్పురవ్వలకు అంటుకొనే ప్రమాదం ఉంది. కాయిల్ లోపల ఆడే ఇనుప కడ్డీకి, అంటే ప్లంజర్‌కు, కూడా నూనె రాయకూడదు.

స్కోరు మోటారు గరగరలాడితే గేరుపెట్టెలో పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది, దానిని తీసి కొత్తది పలచగా పెడితే సరిపోతుంది. కొత్త ఆట మొదలుపెట్టగానే ఆ మోటారు ఆగకుండా తిరుగుతూ చక్రాలు టకటకలాడుతుంటే మాత్రం సంగతి వేరు. ప్రతి స్కోరు చక్రం సున్నాకు చేరగానే దాని సున్నా స్విచ్ ఆ చక్రానికి వచ్చే కరెంటు తాకిడిని ఆపాలి, అన్నీ సున్నాకు చేరితేనే మోటారు ఆగుతుంది. కనుక ఏ చక్రం సున్నాకు రావడం లేదో, వచ్చినా దాటిపోతున్నదో స్కోరు కనిపించే అద్దం వైపు నుంచి చూసి, ప్లగ్గు పీకి, ఆ ఒక్కదాని స్విచ్‌ను, కదిలికను సరిచేయండి.

మాడిన కాయిల్‌ను బరంపురంలో చుట్టించుకోదలిస్తే పాతదానిని చీటీతో సహా ఇవ్వండి. విలియమ్స్ కాయిల్ మీద జి-23-750 అని ఉంటే 23 గేజి తీగ, 750 చుట్లు అని అర్థం. ఆ గేజి అమెరికన్ కొలత, మన మేస్త్రీలు వాడేది ఎస్‌డబ్ల్యూజీ అనే బ్రిటిష్ కొలత. అందువల్ల గేజి అంకె చెప్పకుండా తీగ మందం 0.57 మిల్లీమీటర్లు అని చెప్పాలి. దానికి దగ్గరగా దొరికేది 24 ఎస్‌డబ్ల్యూజీ. గాట్లీబ్ కాయిల్ నంబరులో ఈ వివరం ఉండదు కనుక, చుట్లు లెక్కపెట్టి విప్పమని, మైక్రోమీటరుతో తీగ కొలవమని మేస్త్రీని ముందే అడగండి.