పింఛను ఆప్షన్ ఫారంపై సంతకం పెట్టే ముందు

రిటైరయ్యేటప్పుడు పింఛను ఏ పద్ధతిలో తీసుకోవాలో ఈ ఫారంలోనే ఎంచుకుంటారు. చాలా పథకాల్లో ఈ ఎంపిక ఒక్కసారే. తర్వాత మార్చుకోనివ్వరు, కాబట్టి తొందర వద్దు.

- రికార్డులో పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, నామినీ సరిచూసుకోండి.

- మీ తర్వాత భార్యకో భర్తకో ఎంత వస్తుందో రాతపూర్వకంగా అడగండి. నెలనెలా ఎక్కువ ఇచ్చే ఆప్షన్ చాలాసార్లు మీతోనే ఆగిపోతుంది. నా లెక్కలో పెద్ద పొరపాటు జరిగేది ఇక్కడే.

- ధరలతో పాటు పింఛను పెరుగుతుందా? ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరిగితే దాదాపు 12 ఏళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది. అంటే 60కి రిటైరైతే, పెరగని పింఛను విలువ 72 వచ్చేసరికి సగమే.

- పన్ను పోగా చేతికొచ్చేదే లెక్కేసుకోండి.

- ఒకేసారి వచ్చే డబ్బులో ముందు అప్పులు, ఆరు నెలల ఖర్చు తీసి పక్కన పెట్టండి. బంధువులకు చెప్పడం ఆ తర్వాతే!