ఊపిరితిత్తులను పరీక్షించడం ఎలా? స్టెతస్కోపు కంటే ముందు చేయవలసిన పని

ఊపిరితిత్తుల పరీక్ష అనగానే చాలామంది చేయి స్టెతస్కోపు మీదకు పోతుంది. నిజానికి దాన్ని చెవులకు తగిలించుకోకముందే సగం పరీక్ష పూర్తి కావాలి. ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లలో రోగులను చూసే నర్సుగా నేను పాటించే వరుసనే, నర్సింగ్ విద్యార్థుల కోసమూ, ఇంట్లో పెద్దవారిని చూసుకునేవారి కోసమూ ఇక్కడ రాస్తున్నాను.

మొదట గుమ్మం దగ్గరే ఆగి చూడండి. ఒక చలికాలపు ఉదయం నేను వెళ్లేసరికి మంచం అంచున కూర్చున్న ముసలమ్మ, "నాకేటీ నేదమ్మా, కూసింత రొంప" అంది. ఆ నాలుగు మాటలకే ఆమె మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. రెండు అరచేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి ఉంది; ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ కండరాలు బిగుసుకుంటున్నాయి; వదిలేటప్పుడు పొయ్యి ఊదుతున్నట్టు పెదవులు ముడుస్తోంది. ఇవన్నీ ఊపిరితిత్తులు అలసిపోతున్నాయని చెప్పే గుర్తులు. పెదవులు, నాలుక నీలంగా మారాయా, వేళ్ల చివర్లు ఉబ్బి గోళ్లు గుండ్రబడ్డాయా అన్నది కూడా అప్పుడే చూడాలి.

తరువాత శ్వాసను లెక్కపెట్టండి. దుప్పటి తీసి, నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకొని, రోగికి చెప్పకుండా నిండు నిమిషం లెక్కించాలి. లెక్కిస్తున్నారని తెలిస్తే ఎవరి ఊపిరైనా మారిపోతుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో నిమిషానికి 12 నుంచి 20 వరకు సహజం. రెండు నెలల లోపు శిశువులో 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, లేదా అంతకు మించి ఉంటే వేగంగా పీలుస్తున్నట్టే. దగ్గుతున్న బిడ్డలో ఆ వేగం కనిపిస్తే న్యుమోనియాను అనుమానించాలి. ఊపిరి పీల్చినప్పుడు బిడ్డ ఛాతీ కింది భాగం లోపలికి పోతుంటే, అంటే మన ఊళ్లలో "డొక్కలెగరేస్తున్నాడు" అనేది కనిపిస్తే, ఇక ఆలస్యం చేయకూడదు. నేను విద్యార్థినిగా ఉన్నప్పుడు ఒక వార్డులో రాత్రి చార్టులన్నింటిలోనూ శ్వాస 20 అనే రాసి ఉండేది. నేను కూడా లెక్కించకుండా అలాగే రాశాను. తెల్లవారేసరికి వారిలో ఒకాయన పరిస్థితి విషమించింది. నాడి, రక్తపోటు మారకముందే తరచు శ్వాస వేగం మారుతుంది కాబట్టి, ఆ అంకెను ఊహించి రాయడం అంటే వచ్చిన హెచ్చరికను మన చేత్తోనే చెరిపేయడం.

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటరు ఆ తరువాతే. వేళ్లు చల్లగా ఉన్నా, గోరింటాకు, గోళ్ల రంగు ఉన్నా అది తప్పు చూపవచ్చు కనుక వేలిని వెచ్చబరిచి, అవసరమైతే వేరే వేలికి మార్చి చూడండి. ఆరోగ్యవంతులలో 95కు పైన ఉంటుంది. ఏళ్ల తరబడి సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవారికి ఆక్సిజన్ ఇచ్చేటప్పుడు సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలు. వారికి అంకె 98కి చేరాలని పట్టుబట్టడం హాని చేయవచ్చు.

ఇప్పుడు అడగండి. దగ్గు ఎన్నాళ్లుగా ఉంది, కఫం ఏ రంగు, రక్తపు జీర ఉందా, సాయంత్రం జ్వరం వస్తోందా, బరువు తగ్గారా? రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం, చికిత్స కాలంలో పోషణకు నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తారు. కట్టెల పొయ్యి, రాతి క్వారీ పని, జీడిగింజలు కాల్చే పని గురించి తప్పక అడగండి. "పొగ తాగుతారా?" అంటే మన ప్రాంతపు ఆడవారు లేదంటారు, "చుట్ట కాలుస్తావా అమ్మా, అడ్డపొగ అలవాటుందా?" అంటే నిజం చెబుతారు. చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకొని కాల్చడమే అడ్డపొగ. సవర భాష మాత్రమే వచ్చినవారికి ఆ భాష తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి, సైగలతో సరిపెట్టవద్దు.

చేతులతో చేసే పరీక్షలో, వీపు మీద రెండు అరచేతులు ఆనించి గట్టిగా పీల్చమన్నప్పుడు బొటనవేళ్లు రెండూ సమానంగా దూరమవుతున్నాయో లేదో చూడండి. తట్టి చూడడం మనకు కొత్తేమీ కాదు: పనసకాయను తట్టి పండిందో లేదో చెప్పేవారు, కుండను తట్టి కొనేవారు మన ఇళ్లలోనే ఉన్నారు. ఎడమచేతి నడిమివేలిని పక్కటెముకల మధ్య ఆనించి, కుడిచేతి నడిమివేలి కొసతో, మణికట్టు మాత్రమే కదిలిస్తూ రెండుసార్లు తట్టండి. గాలి ఉన్నచోట ఖంగుమంటుంది. న్యుమోనియాతో గట్టిపడినచోట మొద్దుగా, చుట్టూ నీరు చేరినచోట రాతిని తట్టినట్టు వినిపిస్తుంది.

చివరికి స్టెతస్కోపు. బట్టల మీద కాక చర్మం మీద ఆనించి, నోటితో నిదానంగా పీల్చమని, పైనుంచి కిందకు, ఒకవైపు విన్న చోటును వెంటనే రెండోవైపు వింటూ రండి. చెవి దగ్గర వెంట్రుకలను వేళ్లతో నలిపినట్టు చిటపటలు వినిపిస్తే, న్యుమోనియా గానీ ఊపిరితిత్తుల్లో నీరు గానీ కావచ్చు. పిల్లికూతలు ఉబ్బసంలోనూ సీఓపీడీలోనూ వస్తాయి. కొత్త తోలుచెప్పుల కిర్రు వంటి శబ్దం ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర వాపుకు గుర్తు. తీవ్రమైన ఆయాసంలో కూతలు హఠాత్తుగా ఆగిపోతే తగ్గిందని సంతోషించకండి. గాలి లోపలికి వెళ్లడమే ఆగిపోతోందని అర్థం.

జబ్బు పేరు తేల్చడం డాక్టరు పని. మనం చూసింది, విన్నది ఉన్నదున్నట్టు రాయడం మన పని. 108కి ఫోన్ చేసి, ఆ ముసలమ్మ చీటీలో నేను రాసింది ఇది: ఉదయం 7.40, ముందుకు వంగి కూర్చుంది, శ్వాస నిమిషానికి 32, ఆక్సిజన్ 86, ఒక్క ఊపిరిలో రెండు మూడు మాటలే, రెండువైపులా పిల్లికూతలు, కుడివైపు అడుగున చిటపటలు, కఫం పసుపు, నలభై ఏళ్లుగా అడ్డపొగ.