కడిగించిన తివాచీపై నీడలు కనిపిస్తే ఏం చేయాలి?

తివాచీలు శుభ్రం చేసేవారు యంత్రంతో ఇంటికి వచ్చి, షాంపూ పట్టించి, నీరు లాగి వెళ్లిన మర్నాడు హాలులో ఒకచోట ముదురుగా, మరొకచోట లేతగా పట్టీలు కనిపించడం అరుదేమీ కాదు. అది చూడగానే రంగు పోయిందనుకుని పనివారిని మళ్లీ పిలిపించి మరోసారి కడిగిస్తారు. నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఆ రెండో కడుగే. ఈ నీడలకు కారణాలు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి, వాటిలో కొన్నింటికి మూలం నీరే.

తివాచీ పూర్తిగా ఆరేవరకు ఏ నిర్ణయానికీ రాకూడదు. తడిగా ఉన్న పోగులు సహజంగానే ముదురుగా కనిపిస్తాయి. పైన పొడిగా తోచినా అడుగున తడి మిగిలి ఉండవచ్చు కాబట్టి, ఒక మూల ఎత్తి వెనుకవైపు అరచేతితో తాకి చూడాలి. హైదరాబాద్ ఎండల్లో ఇది త్వరగా తేలిపోతుంది గానీ, జూలై, ఆగస్టు ముసురులో కిటికీలు మూసి ఉంచే ఫ్లాట్‌లలో మరింత ఓపిక పట్టాలి. తొందరగా ఆరుతుందని ఎయిర్ కూలర్ పెట్టకండి, అది గదిలోకి తేమనే పంపుతుంది. ఫ్యాన్లు వేసి ఉంచడం, వానాకాలంలో ఏసీ నడపడం మేలు.

ఆరిన తరువాత ఆ నీడ పోగుల వాలు వల్ల వచ్చిందా, మురికి వల్ల వచ్చిందా అన్నది తేల్చుకోవాలి. మఖ్మల్ గుడ్డను ఒకవైపు నిమిరితే లేతగా, ఎదురు నిమిరితే ముదురుగా కనిపించినట్టే, కత్తిరించిన పోగులున్న తివాచీలో పోగు పక్కభాగం వెలుగును తిప్పికొడుతుంది, కొన మాత్రం వెలుగును మింగి ముదురుగా కనిపిస్తుంది. అందుచేత ముందుగా గుమ్మం వైపు నుంచి, తరువాత దానికి ఎదురుగా ఉన్న గోడ వైపు నుంచి చూడండి. ముదురు పట్టీ లేతగా, లేత పట్టీ ముదురుగా మారితే అది రంగు దోషం కాదు, వాలులో తేడా. ఎటు నుంచి చూసినా మచ్చ అలాగే ఉంటే తెల్లటి నూలు గుడ్డను కొద్దిగా తడిపి అక్కడ అద్దండి. గుడ్డకు మురికి అంటితే మచ్చ మురికిదే.

వాలు తేడాల్లో చాలావరకు యంత్రం మూతిని ముందుకూ వెనక్కూ లాగినప్పుడు ఏర్పడినవే. మెత్తని కుచ్చు బ్రష్‌తో గాని వ్యాక్యూమ్ క్లీనర్‌తో గాని గది ఒక చివర నుంచి మరో చివరకు, ప్రతిసారీ ఒకే దిశలో దువ్వితే అవి పోతాయి. కొన్నిచోట్ల మాత్రం దువ్విన కొద్ది రోజులకే అదే ఆకారం తిరిగి వస్తుంది. చేత్తో నేసిన తివాచీలోనూ, యంత్రంపై తయారైన దానిలోనూ పోగులు ఇలా శాశ్వతంగా వాలు తిరగబడటానికి కచ్చితమైన కారణం ఆ రంగంలోని నిపుణులకే అంతు చిక్కలేదు, నమ్మకమైన చికిత్సా లేదు. కడగడానికి ముందు దుమ్ము కప్పి ఉంచిన ఆకారాన్ని కడుగు బయటపెట్టి ఉండవచ్చు కూడా. అందుకు పనివారిని నిందించడం న్యాయం కాదు.

మురికి వల్ల వచ్చే నీడలు వేరు. అడుగున దిగిన ధూళి నీటితో కలిసి, పైభాగం ఆరుతున్నప్పుడు పోగుల వెంట పైకి ఎక్కి కొనల్లో నిలిచిపోతుంది. పాత టీ మరక మళ్లీ తేలడం కూడా ఇలాంటిదే. అక్కడ నీటిని కొద్దిగా చిలకరించి, పైన మడతపెట్టిన తెల్లటి తువాలు పరిచి, దానిపై రంగు దిగని బరువు ఏదైనా రాత్రంతా ఉంచితే మురికి తువాలులోకి చేరుతుంది. మచ్చ గోధుమరంగులో ఉండి, తివాచీ అడుగు జనపనారదో నూలుదో అయితే, ఆ నారలోని రంగు తడితో పైకి వచ్చిందని అనుమానించాలి. ఒక వంతు తెల్ల వెనిగర్‌కు నాలుగు వంతుల నీరు కలిపి, ముందు కనిపించని మూలలో పరీక్షించి, రుద్దకుండా అద్దాలి. తగ్గకపోతే అక్కడితో ఆపి, అనుభవం ఉన్నవారికి అప్పగించడం మంచిది.

కొన్ని వారాల్లోనే నడిచే దారి నల్లబడితే సాధారణంగా షాంపూ అవశేషం కారణమవుతుంది, ఎందుకంటే జిగురు మిగిలిన పోగు దుమ్మును పట్టుకుంటుంది. బోరు నీటితో కడిగిస్తే లవణాలు కూడా పోగులపై మిగిలి, తివాచీ బిరుసెక్కి తెల్లబారినట్టు ఉంటుంది. నల్లా నీటితో మరోసారి పలుచగా జాడించి, నీటిని బాగా లాగించాలి. రెండో కడుగు పనికొచ్చే సందర్భం ఇదొక్కటే, అదీ షాంపూ లేకుండా. ఏళ్ల తరబడి నడకతో పోగులు గీతలు పడి మసకబారిన దారి మాత్రం మురికి కాదు, అరుగుదల. దానికి ఏ ద్రవమూ పనిచేయదు.

తివాచీ రకాన్ని బట్టి తీర్పు మారుతుంది. వరంగల్ డర్రీలకు నిలువు పోగులు ఉండవు కాబట్టి వాటిపై నీడ కనిపిస్తే వాలును తోసిపుచ్చి, రంగు దిగడాన్నో మురికినో వెతకాలి. ఏలూరు ఉన్ని తివాచీల్లాంటి ముడి అల్లిక వాటికి వాలు నేతలోనే ఉంటుంది. ఒక చివర నుంచి లేతగా, మరో చివర నుంచి ముదురుగా కనిపించడం వాటి స్వభావం. ఆర్ట్ సిల్క్, బాంబూ సిల్క్ పేర్లతో అమ్మే విస్కోస్ తివాచీలను ఇంట్లో తడపవద్దు. తడిసిన విస్కోస్ బలహీనపడుతుంది, పోగులు అణగి పసుపు తిరుగుతాయి. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పరిచే కార్పెట్ పలకలు గళ్లు గళ్లుగా కనిపిస్తే, కడుగును అనుమానించే ముందు ఒక పలక ఎత్తి వెనుక బాణం గుర్తు ఎటు ఉందో, పక్క పలకదీ ఎటు ఉందో పోల్చి చూడాలి. పరచడంలోనే దిశ మారి ఉండవచ్చు, లేదా కావాలనే తిప్పి వేసి ఉండవచ్చు.

తదుపరిసారి పని అప్పగించేటప్పుడు, మొదలుపెట్టే ముందే పగటి వెలుగులో రెండు వైపుల నుంచీ ఫోటోలు తీసి ఉంచుకోండి. చివరగా అంతటా ఒకే దిశలో దువ్వి ఇవ్వాలని, షాంపూ తరువాత నీటితో జాడించాలని ముందే మాట తీసుకోండి.