వ్యాయామంలో చేతులు ఉబ్బినా, తిమ్మిరెక్కినా: ముందు ఏ వేళ్లో చూడండి

అరగంట నడిచేసరికి వేళ్లు లావెక్కి పిడికిలి సరిగ్గా మూసుకోదు. సైకిల్ దిగాక చిటికెన వేలికి స్పర్శ తెలియదు. ఇలా రెండుసార్లు జరిగితే చాలు, చాలామంది భయపడి వ్యాయామమే మానేస్తారు. అలా మానేయడం నాకు బాధగా అనిపిస్తుంది, ఎందుకంటే ఎక్కువసార్లు కారణం చిన్నదే. దాన్ని పట్టుకోవడానికి గమనించాల్సినవి: ఒక చేయా, రెండూనా? ఏ వేళ్లు? ఆపాక ఎంతసేపటికి తగ్గింది?

వెంటనే ఆపేయాల్సినవి

చేయి లాగుతూ, మొద్దుబారుతూ, దాంతోపాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి. ఒకవైపు చేయి హఠాత్తుగా స్పర్శ కోల్పోయి, మూతి వంకర పోయినా, మాట తడబడినా అంతే. కాసేపు కూర్చుంటే తగ్గుతుందిలే అనుకోవద్దు.

బరువులు ఎత్తాక ఒక్క చేయే పైదాకా వాచి నీలంగా మారితే, భుజం దగ్గరి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్న జిమ్ కుర్రాళ్లకూ ఇది వస్తుంది. కండరం పట్టేసిందనుకుని మర్దన చేయించుకోకుండా, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

నడకలో రెండు చేతులూ ఉబ్బుతుంటే

నడిచేటప్పుడు గుండెకు, కాళ్ల కండరాలకు రక్తం ఎక్కువ కావాలి. చేతులకు వెళ్లేది కొంత తగ్గుతుంది, అక్కడి రక్తనాళాలు అందుకు స్పందించి వెడల్పవుతాయి. ఒంట్లో వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు కూడా మళ్లుతుంది. పైగా చేతులు కిందికే వేలాడుతుంటాయి కాబట్టి వేళ్లలో నీరు చేరుతుంది. విశాఖ బీచ్ రోడ్డు ఉక్కపోతలో నడిచేవాళ్లకైనా, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్లకైనా ఇది మామూలే.

బయల్దేరే ముందే ఉంగరాలు తీసేయండి, వాచీ పట్టీ వదులు చేయండి. మోచేతులు కాస్త మడిచి నడవండి. పది నిమిషాలకోసారి చేతులు తల పైకెత్తి పిడికిలి మూసి తెరవండి, భుజాలు గుండ్రంగా తిప్పండి. ఫోన్‌ను అదేపనిగా గట్టిగా పట్టుకుని నడవడం మానేయండి. ఉంగరం ఇరుక్కుపోతే చేయి పైకెత్తి ఉంచి, చల్లటి నీళ్లలో ముంచి, సబ్బు గానీ కొబ్బరినూనె గానీ రాసి మెల్లగా తిప్పుతూ లాగాలి. వేలు నీలంగా మారితే మాత్రం ఉంగరాన్ని కోయించేయడమే మంచిది.

ఈ వాపు ఆపాక కాసేపట్లోనే దిగుతుంది. సాయంత్రానికీ దిగకపోయినా, ముఖం, పాదాలు కూడా వాస్తున్నా డాక్టరుకు చూపించి కిడ్నీలు, గుండె, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.

గంటల తరబడి పరుగెత్తేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. దాహం లేకపోయినా సీసాల కొద్దీ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. వేళ్లు ఉబ్బడంతో పాటు తలనొప్పి, వాంతులు, తికమక మొదలైతే ఇంకా నీళ్లు పట్టించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పరుగు తర్వాత బరువు చూసుకోండి. బయల్దేరినప్పటి కంటే పెరిగి ఉంటే ఎక్కువ తాగినట్టే.

సైకిల్ మీద తిమ్మిరి

చిటికెన వేలు, దాని పక్కనున్న ఉంగరపు వేలిలో సగం మొద్దుబారితే నొక్కుకుపోతున్నది అల్నార్ నరం. అరచేతిలో చిటికెన వేలి వైపు, మణికట్టుకు కాస్త పైన అది వెళ్తుంది. హ్యాండిల్ బార్ సరిగ్గా అక్కడే ఒత్తుకుంటుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు అయితే అది మీడియన్ నరం, మణికట్టు వంచి పట్టుకోవడం వల్ల.

చాలామంది ముందు గ్లౌజులు కొంటారు. నేనైతే ముందు సీటు చూడమంటాను. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్లు ముందుకు జారుతుంది, ఆ బరువంతా చేతుల మీద పడుతుంది. రద్దీ లేని చదును రోడ్డు మీద మెల్లగా వెళ్తూ, వేళ్లు హ్యాండిల్‌ను వదలకుండానే అరచేతులు కాస్త తేలిక చేయండి. వెంటనే ముందుకు జారిపోతున్నట్టుంటే సమస్య అదే. సీటును సమంగా చేయండి. అప్పటికీ తగ్గకపోతే హ్యాండిల్ కాస్త ఎత్తు చేయడం, లేదా సీటుకు దగ్గరగా తేవడం. బ్రేక్ మీద వేళ్లు పెట్టినప్పుడు మణికట్టు తిన్నగా ఉండాలి. టైర్లలో గాలి మరీ గట్టిగా ఉన్నా గతుకుల అదురు చేతులకే వస్తుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. మెత్తటి గ్లౌజులు ఆ తర్వాత.

చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతున్నా, రెండు వేళ్ల మధ్య కాగితం నిలవకపోయినా నరం బాగా దెబ్బతింటోందని అర్థం. సైకిల్ ఆపి డాక్టరును కలవండి.

పుషప్స్, సూర్యనమస్కారాలు

మణికట్టు పూర్తిగా వెనక్కి వంగి, దాని మీద ఒళ్లంతా మోపుతాం. బరువును అరచేతి అడుగున కాకుండా వేళ్ల మొదళ్లకు పంచండి. లేదా పిడికిలి మీద, కదలని డంబెల్స్ పట్టుకుని చేయండి.

రాత్రి కూడా తిమ్మిరితో మెలకువ వచ్చి, చేయి విదిలిస్తే హాయిగా ఉంటోందా? అది కార్పల్ టనెల్ కావచ్చు, అంటే మణికట్టులో మీడియన్ నరం నొక్కుకుపోయే సమస్య. షుగర్ జబ్బు ఉన్నవాళ్లలో, థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లలో, గర్భిణుల్లో ఎక్కువ. వ్యాయామం దాన్ని బయటపెట్టిందంతే.

పరుగులో అయితే పిడికిళ్లు వదులు చేసి, చెవుల దాకా లేచిన భుజాలను దించండి, బ్యాగు పట్టీలు సడలించండి. మెడ తిప్పినప్పుడు చేతిలోకి షాక్ కొట్టినట్టు పాకితే మూలం మెడలో ఉంది. చలిలో వేళ్లు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా, ఎర్రగా మారుతుంటే వెచ్చటి గ్లౌజులు తప్పనిసరి, ఒకసారి డాక్టరుతోనూ చెప్పండి.

రెండు మూడు వారాలు సర్దుబాట్లు చేసినా తిమ్మిరి వస్తూనే ఉంటే, అది ఉన్నప్పుడే స్పర్శ తెలియని మేర పెన్నుతో గీసి ఫోటో తీసుకోండి. ఏ నరమో గుర్తించడానికి డాక్టరుకు ఆ గీత చాలా ఉపయోగపడుతుంది.