దాల్మా, టమాటో ఖట్టా, ఛెనాపోడా: ఆరుగురికి ఒక పూట భోజనం

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో పప్పుచారు ఎంత సొంతమో, కూరగాయలు వేసి వండే పప్పు దాల్మా కూడా అంతే సొంతం. అయినా దాల్మా వండబోయి సాంబారు చేసేవాళ్లు, ఛెనాపోడా (పాల విరుగుడును కాల్చి చేసే మిఠాయి) చేయబోయి గట్టి పాలకోవా ముద్ద తీసేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఈ పూట వంటలు మూడింటికీ కిటుకు ఒకటే: ఏ దశలో ఎంత నీరు ఉండాలో చూసుకోవడం. మసాలా అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు, నీటి దగ్గర తప్పితే సర్దుకోవడం కష్టం.

ఛెనాపోడా ముందురోజు సాయంత్రమే చేసి పెట్టుకోండి. చల్లారి, రాత్రంతా ఊరితేనే దానికి అసలు రుచి వస్తుంది. దాల్మా, ఖట్టా మర్నాడు గంటన్నరలో అయిపోతాయి.

ఛెనాపోడా

నయాగఢ్ జిల్లా దసపల్లా వైపు పుట్టిన మిఠాయి అని ఒడిశా అంతటా చెప్పుకుంటారు. సాల ఆకుల్లో చుట్టి బొగ్గుల మీద గంటల తరబడి కాల్చడం పాత పద్ధతి. ఇంట్లో ఓవెన్‌తోనో, పాత కుక్కర్‌తోనో అదే రుచి తెచ్చుకోవచ్చు.

కావలసినవి: పాలు 2 లీటర్లు, నిమ్మరసం 3 పెద్ద చెంచాలు, పంచదార 150 గ్రాములు, బొంబాయి రవ్వ 2 పెద్ద చెంచాలు, నెయ్యి 2 పెద్ద చెంచాలు, ఏలకులు 5, జీడిపప్పు 12, కిస్‌మిస్ గుప్పెడు, చిటికెడు ఉప్పు. అడుగున పాకానికి మరో 3 పెద్ద చెంచాల పంచదార.

పాలు ఏవైనా సరే అనుకోకండి. ఆవు పాల విరుగుడు మెత్తగా, నీరు పట్టి ఉంటుంది. గేదె పాలది గట్టిగా, పలుకుగా ఉంటుంది. ఆవు పాలు దొరక్కపోతే ఫుల్ క్రీమ్ ప్యాకెట్ లీటరు, టోన్డ్ పాలు లీటరు కలపండి. ఫుల్ క్రీమ్‌లో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3 శాతం ఉంటుంది కాబట్టి కలిపితే సుమారు నాలుగున్నర శాతం వస్తుంది, ఈ వంటకు అది చక్కగా సరిపోతుంది. టోన్డ్ పాలు ఒక్కటే వాడితే విరుగుడు తక్కువ వస్తుంది, కాల్చాక పొడిపొడిగా రాలుతుంది.

పాలు పొంగు వచ్చాక పొయ్యి కట్టేసి మూడు నిమిషాలు ఆగండి. నిమ్మరసంలో అంతే కొలత నీళ్లు కలిపి, చెంచా చెంచాగా పోస్తూ గరిటెతో నెమ్మదిగా ఒకే దిక్కుకు తిప్పండి. పాలు విరిగి, నీళ్లు లేత ఆకుపచ్చగా తేటపడగానే ఆపేయాలి. మిగిలిన నిమ్మరసం పోయాల్సిన పని లేదు. పొయ్యి మీద మరుగుతుండగా పులుపు పోస్తే, లేదా విరిగాక కూడా మరిగిస్తే, విరుగుడు రబ్బరులా సాగుతుంది. ఆ తర్వాత ఎంత మర్దించినా మెత్తబడదు.

పల్చటి నూలు గుడ్డలో వడకట్టి, పైనుంచి రెండు చెంబుల చల్లటి నీళ్లు పోసి కడగండి. నిమ్మ పులుపు పోతుంది, వేడి తగ్గి ఉడకడం కూడా ఆగుతుంది. మూట కట్టి అరగంట వేలాడదీయండి. బరువు పెట్టకండి, రాత్రంతా వదిలేయకండి. అది పనీరు చేసే పద్ధతి. అరగంటయ్యాక కొంచెం తీసి గుప్పిట్లో నొక్కి చూడండి. ఉండ నిలవాలి, అరచేయి తడవాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. కారితే మరో పది నిమిషాలు వేలాడదీయాలి. అరచేయి తడవకపోతే ఎక్కువ ఆరిపోయినట్టు, అప్పుడు రెండు మూడు చెంచాల పాలు కలిపి సరిచేయండి. ఇలా 350 నుంచి 400 గ్రాముల విరుగుడు వస్తుంది. అంగడిలో దొరికే ఛెనా (పాల విరుగుడు) కొంటే ముందు వాసన చూడండి. పుల్లటి వాసన కాల్చినా పోదు.

ఇప్పుడు విరుగుడును పళ్లెంలో వేసి, అరచేతి మడమతో ఐదు నిమిషాలు నొక్కుతూ మర్దించండి. రసగుల్లాకు మర్దించినంత వద్దు. నూనె పైకి తేలిందంటే దాటిపోయినట్టే. చిన్న పలుకు ఇంకా తగులుతుండాలి, ఈ మిఠాయికి ఆ పలుకే అందం. తర్వాత పంచదార, రవ్వ, నెయ్యి, ఏలకుల పొడి, ఉప్పు కలపండి. పంచదార కలపగానే ముద్ద వదులవుతుంది, ఎందుకంటే అది విరుగుడులోని నీటిని బయటికి లాగుతుంది. ఇది చూసి కంగారుపడి రవ్వ పెంచేవాళ్లే ఎక్కువ. పెంచకండి. ఇరవై నిమిషాలు మూత పెట్టి వదిలేస్తే రవ్వ ఆ నీటిని పీల్చుకుంటుంది. అప్పుడు చూడండి: చిక్కటి ఇడ్లీ పిండిలా గరిటె నుంచి ముద్దలు ముద్దలుగా జారాలి. గట్టిగా ఉంటే పాలు ఒక్కో చెంచా చొప్పున కలపండి. ఇంకా జారుగా ఉంటే అప్పుడు ఒక్క చెంచా రవ్వ. జీడిపప్పు, కిస్‌మిస్ ఆఖరున.

ఆరు అంగుళాల గిన్నె తీసుకోండి. పాకం పంచదారలో చెంచాడు నీళ్లు చల్లి ఆ గిన్నెలోనే సన్నటి సెగ మీద కరిగించండి. తేనె రంగు దాటి ముదురు గోధుమ రంగు రాగానే దించి, అడుగంతా పరుచుకునేలా గిన్నెను తిప్పండి. పొగ వచ్చేదాకా ఉంచితే చేదు, ఆ చేదు మొత్తం మిఠాయికి పడుతుంది. పాకం గట్టిపడ్డాక గిన్నె పక్కలకు నెయ్యి రాసి ముద్ద వేయండి. ఆకు వాసన కావాలంటే పాకం మానేసి, సెగ చూపించి మెత్తబరిచిన అరటాకు అడుగున, పక్కలా పరవండి. దాని మీద నెయ్యి రాసి కొంచెం పంచదార చల్లాలి. మన వైపు సంతల్లో సాల ఆకులు దొరికితే అరటాకు కంటే అవే మేలు, కాలిన సాల ఆకు పరిమళం మరిదేనికీ రాదు.

ఓవెన్ అయితే 180 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ముందే వేడెక్కించి, మధ్య అరలో 45 నుంచి 55 నిమిషాలు కాల్చండి. అరగంటకే పైన నల్లబడుతుంటే రేకు కప్పండి.

కుక్కర్ అయితే పాతది వాడండి. అడుగున అరకిలో ఉప్పు పరిచి, దాని మీద చిన్న స్టాండు పెట్టి, మూతకు గ్యాస్కెట్, విజిల్ తీసేసి, మధ్యస్థం సెగ మీద పది నిమిషాలు వేడెక్కించండి. తర్వాత గిన్నెను కుక్కర్‌లోకి దించి, సన్నటి సెగ మీద గంట నుంచి గంటా పావు కాల్చండి. కుక్కర్‌లో నీళ్లు పోయకూడదు. ఆవిరి వేడి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది, పంచదార రంగు మారాలంటే 160 డిగ్రీలకు పైన కావాలి. నీళ్లు పోస్తే వచ్చేది తెల్లటి ఆవిరి కేకు, ఛెనాపోడా కాదు. కుక్కర్‌లో పైభాగం ఎలాగూ ఎర్రబడదు కనుక అడుగు పాకం మానకండి. బోర్లించినప్పుడు అదే పైకొస్తుంది.

చాకు గుచ్చితే తడి ముద్ద అంటకుండా రావాలి, అంచులు గిన్నెను వదలాలి. మధ్యలో కొద్దిగా కుంగడం సహజం. పైన లోతుగా పగిలిందంటే మాత్రం సెగ ఎక్కువైంది. రెండు గంటలైనా చల్లారనివ్వకుండా కోయకండి. వేడి మీద కోస్తే లోపలి నీరు కారి, ముక్క విరిగిపోతుంది. బోర్లించేటప్పుడు పాకం అంటుకుని రాకపోతే గిన్నె అడుగును అర నిమిషం సెగకు చూపిస్తే వదులుతుంది. చలికాలంలో రెండు రోజులు బయట ఉంటుంది. ఎండాకాలంలో మర్నాటికే ఫ్రిజ్‌లో పెట్టాలి.

దాల్మా

కందిపప్పు 200 గ్రాములు, కూరగాయలు అరకిలో, పసుపు అర చెంచా, అంగుళం అల్లం, బిర్యానీ ఆకులు 2, తాజా కొబ్బరి కోరు 3 పెద్ద చెంచాలు, నెయ్యి 2 పెద్ద చెంచాలు, పంచఫుటన ఒక చెంచా, ఎండు మిరపకాయలు 5, జీలకర్ర 2 చెంచాలు, చిటికెడు ఇంగువ, తగినంత ఉప్పు.

పంచఫుటన అంటే జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, కలోంజీ (నల్ల జీలకర్ర). ఒడిశా వైపు కిరాణా కొట్లలో కలిపిన పొట్లమే దొరుకుతుంది. ఇంట్లో కలుపుకుంటే మెంతులు మాత్రం మిగతావాటిలో సగమే వేయండి.

కూరగాయల్లో పచ్చి బొప్పాయి, కంద, అరటికాయ, గుమ్మడి, ములక్కాడ, వంకాయ బాగా కుదురుతాయి. పూరీ జగన్నాథుడి ఆలయ వంటశాలలో బంగాళాదుంప, టమాటో, ఉల్లి, వెల్లుల్లి వాడరు. ఇంట్లో వేయకూడదని ఏమీ లేదు గానీ, అవి లేకుండా వండితేనే పప్పు తీపి, జీలకర్ర ఘాటు విడివిడిగా తెలుస్తాయి. చింతపండు, సాంబారు పొడి మాత్రం దగ్గరకు రానివ్వకండి. వాటి ఘాటులో వేయించిన జీలకర్ర వాసన మునిగిపోతుంది. పైగా పప్పు ఉడకకముందే పులుపు తగిలితే పప్పు మెత్తబడదు.

పప్పు కడిగి అరగంట నానబెట్టండి. బోరు నీళ్లు కఠినంగా ఉండే ఊళ్లలో గంట నానాలి. లీటరు నీళ్లు మరిగించి పప్పు, పసుపు, దంచిన అల్లం, ఒక బిర్యానీ ఆకు వేసి, పైకొచ్చే నురగ తీసేయండి. పావుగంట, ఇరవై నిమిషాలకు పప్పు బద్దను వేళ్ల మధ్య నొక్కితే విరగాలి, మెదగకూడదు. అప్పుడు అంగుళం ముక్కలుగా కోసిన బొప్పాయి, కంద, అరటికాయ, ఉప్పు వేయండి. అరటికాయ ముక్కలు అప్పటిదాకా పల్చటి మజ్జిగలో ఉంటే నల్లబడవు. పది నిమిషాలకు గుమ్మడి, ములక్కాడ. గుమ్మడి తొక్క తీయకుండా కాస్త పెద్ద ముక్కలు కోస్తే కరగదు. మరో ఐదు నిమిషాలకు వంకాయ. ఇంకో ఆరేడు నిమిషాల్లో అన్నీ ఒకేసారి ఉడుకుతాయి. అన్నీ కలిపి కుక్కర్‌లో పెట్టి మూడు విజిల్స్ వేయిస్తే గుమ్మడి, వంకాయ పప్పులో కలిసిపోయి, కంద మాత్రం మిగులుతుంది. కుక్కర్ తప్పదనుకుంటే పప్పు వరకే ఒక్క విజిల్ రానిచ్చి, ముక్కలు మూత లేకుండా ఉడికించండి.

కంది బదులు పెసరపప్పు అయితే నానబెట్టే పని లేదు. కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి కడిగి, 800 మిల్లీలీటర్ల నీళ్లలో వేయండి. అది తొందరగా ఉడుకుతుంది కాబట్టి గట్టి ముక్కలు పప్పుతోపాటే పడాలి.

పప్పు ఉడికేలోగా జీలకర్ర, మూడు ఎండు మిరపకాయలు నూనె లేకుండా సన్నటి సెగ మీద వేయించండి. పోపులో వేగినంత సరిపోదు, జీలకర్ర ముదురు గోధుమ రంగుకు రావాలి. నల్లబడితే పారేసి మళ్లీ వేయించండి. చల్లారాక బరకగా దంచాలి. దాల్మా రుచిలో సగం ఈ పొడిదే.

పోపుకు నెయ్యి మధ్యస్థంగా వేడెక్కాలి, పొగ రాకూడదు. మిగిలిన మిరపకాయలు, బిర్యానీ ఆకు, పంచఫుటన, ఇంగువ వేసి, ఆవాలు చిటపటమనగానే పప్పులో తిరగబోయండి. ఇంకా ఆగితే ముందు మాడేవి మెంతులే. కొబ్బరి కోరు కలిపి ఒక్క పొంగు రానిచ్చి, పొయ్యి కట్టేశాకే వేయించిన పొడి చల్లి మూత పెట్టండి. మరుగుతుండగా చల్లితే వాసనంతా ఆవిరితో పోతుంది.

దించేటప్పుడు దాల్మా మీకు కావలసినదానికంటే కొంచెం పల్చగా ఉండాలి. పావుగంటలో పప్పు, కంద నీటిని పీల్చుకుని చిక్కబడతాయి. మరీ గట్టిపడితే వేడి నీళ్లే పోయండి, చన్నీళ్లు పోస్తే పప్పు ఒకవైపు, నీళ్లు ఒకవైపు అవుతాయి.

టమాటో ఖట్టా

ఇది మన పచ్చడి స్థానంలో వడ్డించేది. పెద్ద చెంచాడు నూనెలో అర చెంచా పంచఫుటన, రెండు ఎండు మిరపకాయలు, అల్లం తరుగు వేయించి, అరకిలో టమాటో ముక్కలు, ఉప్పు వేసి మూత పెట్టండి. ఆవనూనె అలవాటున్న ఇంట్లో అదే వాడొచ్చు, ఒకసారి బాగా కాగనిచ్చి సెగ తగ్గించాకే పోపు వేయాలి. నీళ్లు చుక్క కూడా పోయకండి, ఉప్పుకు టమాటోలే నీరు వదులుతాయి. పూర్తిగా మెత్తబడ్డాక గింజ తీసిన ఖర్జూరాలు 8, బెల్లం 60 గ్రాములు వేసి, కలుపుతూ ఏడెనిమిది నిమిషాలు ఉడికించండి. బెల్లం ముందే వేస్తే అడుగంటుతుంది. టమాటోలు బాగా పుల్లగా ఉంటే మరో 20 గ్రాముల బెల్లం పడుతుంది. గరిటెతో తీస్తే ఇంకా జారుతుండగానే దించండి, చల్లారితే చిక్కబడుతుంది.

మిగిలిన దాల్మా రాత్రికి వాడేటట్టయితే వేడి చేశాక మళ్లీ అర చెంచా వేయించిన పొడి చల్లండి. ఛెనా తీసిన విరుగుడు నీళ్లు పారబోయకుండా చపాతీ పిండి తడపడానికి వాడుకోండి, చపాతీలు మెత్తగా వస్తాయి. పప్పు ఉడికించడానికి మాత్రం ఆ నీళ్లు పోయకండి, వాటిలోని నిమ్మ పులుపుకు పప్పు ఉడకదు.