చిలుక ముక్కు చీలిన చీర: ఇక్కత్‌ను ఎట్లా చూడాలి

మా అమ్మ ఇక్కత్ పట్టుచీర ఒకటి నా బీరువాలో ఉంది. కొంగు మీద చిలుకల వరుసలు. మూడో వరుసలో మాత్రం చిలుకలన్నిటికీ ముక్కు రెండుగా చీలినట్టు ఉంటుంది. నేసింది నాయన, ఆసు పోసింది, అంటే పోగును మేకుల చట్రం మీద తిప్పింది అమ్మ. ఆ రోజు అమ్మకు జ్వరం. చెయ్యి ఒక మేకు తప్పి పోగు పక్క మేకుకు పడింది. చీరలు తీసుకునే వ్యాపారి డ్యామేజీ అని దాన్ని వెనక్కి పంపి, పట్టు ఖరీదు కూలిలో పట్టుకున్నాడు. అమ్మ ఆ చీరను మా చెల్లె పెండ్లికి కట్టుకుంది.

మాది పుట్టపాక వైపు, మగ్గాల ఇల్లు. ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నా. చీర కొనడానికి నన్ను తోడు రమ్మనే వాళ్లు మొదట వెతికేది తప్పు కోసమే. వెతకండి, మంచిదే. కానీ దొరికిన తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుని చూడండి.

దుకాణంలో ట్యూబ్‌లైట్ కింద కాకుండా, గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చీర పరవమనండి. మొదట నాలుగడుగులు వెనక్కి నిలబడి చూడండి. తర్వాత కూర్చుని, ఒక్క పువ్వును ఎంచుకుని దాని అంచు మీద వేలు పెట్టండి. అంచు గీత గీసినట్టు ఉండదు, ఈకలా చెదిరి ఉంటుంది. చాలామంది రంగు పాకిందనుకుని భయపడేది ఇక్కడే. ఇక్కత్‌లో నేసిన తర్వాత అద్దకం ఉండదు. నేయకముందే పోగుల్ని కట్టలుగా చేసి, సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో చిటికి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు, కానీ కట్టు అంచున కొద్దిగా లోపలికి చేరుతుంది. ఆ పోగుల్ని మగ్గం మీదికి లాగి కట్టేటప్పుడు ఒకటి వెంట్రుక వాసి ముందుకు, ఇంకొకటి వెనక్కి పోతుంది. అందుకే పువ్వు వణికినట్టు కనబడుతుంది. పడుగూ పేకా, అంటే నిలువు పోగులూ అడ్డ పోగులూ, రెండూ చిటికి కట్టి నేసే పుట్టపాక చీరల్లో ఈ వణుకు రెండు వైపుల నుంచీ వస్తుంది. నాకైతే అదే అన్నిటికంటే ఇష్టం.

ఇప్పుడు చీరను తిరగేయండి. వెనకా ముందూ రంగు ఒకే తీరుగా ఉండాలి. వెనక వెలిసినట్టుంటే అది అచ్చు వేసిన బట్ట అయ్యుండొచ్చు. ప్రింటులో పువ్వు అంచు కత్తిరించినట్టు, వంద పువ్వులూ ఒకే తీరుగా ఉంటాయి.

తర్వాత చీర అంచు చూడండి. అక్కడక్కడ పేక పోగు చిన్న ఉంగరంలా బయటికి వచ్చి ఉండొచ్చు. డిజైన్ కుదరడానికి నేసేవాళ్లు పోగును అంచు దగ్గర పట్టి జరిపిన చోటు అది. ఆ ఉంగరాన్ని లాగొద్దు, కత్తిరించొద్దు. అడ్డంగా సన్నని గీత ఒకటి కనబడితే, మగ్గం అక్కడ ఆగి మళ్లీ మొదలైందని అర్థం. ఎవరో చుట్టం వచ్చుంటారు, లేదా పొద్దుగూకి ఉంటుంది.

ఆసు సంగతి కూడా చెప్పాలి, మా చిలుకల గుట్టు అందులోనే ఉంది. అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం మీద పేక పోగును అటూ ఇటూ తిప్పడమే ఆసు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు తిరగాలి, నాలుగైదు గంటలు పడుతుంది. మా ఇళ్లలో ఆడవాళ్ల భుజాలు ఈ పనితోనే అరిగిపోయాయి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు, లక్ష్మి ఆసు యంత్రమని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా అమ్మ చిలుకల చీర నాటికి మా ఇంట్లో యంత్రం లేదు. 9,000 సార్లలో ఒక్కసారి మేకు తప్పింది. మిగతా అన్నిసార్లు జ్వరంతోనే సరిగ్గా పడిందని చీర విప్పినప్పుడల్లా గుర్తొస్తుంది.

అయితే ప్రతి లోపాన్నీ నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. తడి తెల్లగుడ్డతో చీర మూల రుద్దండి. గుడ్డకు రంగు బాగా అంటితే వద్దు. రెండు బొటనవేళ్లతో నేతను పక్కకు నెట్టితే పోగులు జారి సందు పడితే వద్దు. తెగిన పడుగు పోగును అతకకుండా వదిలేస్తే నిలువునా పొడుగ్గా గీత పడుతుంది, అదీ వద్దు. ఇవి చేతి తడబాట్లు కావు, అశ్రద్ధ.

ఒక్క పువ్వు జరిగిన చీర నచ్చితే మాత్రం, ఆ పువ్వు చూపించి ధర సగానికి అడగకండి. ఆ కోత చివరికి మగ్గం మీద కూర్చున్న మనిషి కూలిలోనే పడుతుంది. మా ఇంట్లో పడింది.

పోయిన దసరాకు మా అమ్మాయి ఆ చిలుకల చీర అడిగింది. కొంగు భుజం మీద వేసి, పట్టుకు చిల్లు పడకుండా పిన్ను కింద చిన్న గుడ్డముక్క పెట్టాను. ముక్కు చీలిన వరుస మడతలోకి పోయింది. "అమ్మమ్మ వరుస కనబడాలమ్మా" అంది. పిన్ను తీసి, కొంగును జానెడు కిందికి జరిపి మళ్లీ పెట్టాను.